హాఫ్ మారథాన్ గంటా నలభై ఐదు నిమిషాల్లోపు: హైదరాబాద్ ఎత్తుల కోసం పదహారు వారాల తయారీ

పరుగు పందెం నుంచి ఇంటికొస్తే పక్కింటి పిన్నిగారు అడిగే ప్రశ్న ఒక్కటే. "ఫస్ట్ వచ్చావా అమ్మా?" వేల మందిలో ఫస్ట్ రావడం ఏంటి పిన్నిగారూ అని నవ్వేసేదాన్ని. నలభై దాటాక ఒక పందెంలో నా వయసు విభాగంలో మూడో స్థానం దాకా వెళ్లాను, చేజేతులా పోగొట్టుకున్నాను. ఆ కథ పందెం రోజు దగ్గర చెబుతాను.

ముందు నా లెక్కలు. 2016లో మొదటి హాఫ్ మారథాన్ 2 గంటల 11 నిమిషాలు. 2019లో 1:56. 2022లో 1:45 చేస్తానని అందరికీ చెప్పి మరీ వెళ్లి 1:52:16తో కుంటుకుంటూ వచ్చాను. 2023లో 1:44:50. ఆఖరి రెండింటి మధ్య నా కాళ్లలో వచ్చిన మార్పు పెద్దగా ఏమీ లేదు. ఎక్కడ తగ్గాలో తెలిసింది, అంతే. ఈ మార్గదర్శిలో సగం దాని గురించే.

ఇప్పటికే ఒకటో రెండో హాఫ్ మారథాన్లు పూర్తిచేసి, వారానికి 25, 30 కి.మీ. ఆరు నెలలుగా పరుగెడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్ని పక్కన పెట్టి, ముందు ఒక ఏడాది హాయిగా పరుగెత్తండి. నేను తయారైంది హైదరాబాద్ మారథాన్‌లోని 21 కి.మీ. పందెం కోసం. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం, నెక్లెస్ రోడ్ పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. దారిలో ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు. పైగా వానాకాలపు ఉక్క.

1. ముందు మీరెక్కడున్నారో తేల్చుకోండి

మే రెండో వారంలో, అంటే పందేనికి పదహారు వారాల ముందు, ట్రాక్ మీద 5 కి.మీ. పరీక్ష పెట్టుకోండి. లోపలి లేన్‌లో పన్నెండున్నర రౌండ్లు. పదిహేను నిమిషాలు వార్మప్ చేసి, చివరి రౌండ్‌కి ఏమీ మిగలకుండా పరుగెత్తండి.

ఒక పందెం టైమ్‌ నుంచి ఇంకో దూరానికి అంచనా వేయడానికి పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు కట్టిన సూత్రం ఉంది: కొత్త దూరాన్ని పాత దూరంతో భాగించి, వచ్చినదాన్ని 1.06 ఘాతానికి హెచ్చించి, దాంతో పాత టైమ్‌ను గుణించాలి. లెక్కలంటే చిరాకైతే 5 కి.మీ. టైమ్‌ని 4.6తో గుణించండి, సరిపోతుంది. 22 నిమిషాల 30 సెకన్లు (22:30) వస్తే హాఫ్ 1:43:30. 24:30 వస్తే 1:52:40 దగ్గర.

ఇది చదునైన దారికీ, చల్లటి వాతావరణానికీ చెల్లే లెక్క. మన ఎత్తులకు, ఉక్కకు ఒకటి రెండు నిమిషాలు కలుపుకోవాలి. మేలో నాకు 23:40 వచ్చింది, జూలై చివర్లో 22:25. మీకు మేలోనే 25 దాటితే ఈ ఏడాదికి 1:45 వదిలేసి 1:50 అనుకోండి. 2022లో నేను చేసిన మొదటి తప్పు ఇదే. పరీక్ష పెట్టుకోకుండా, వినడానికి బాగుంది కదా అని 1:45 అనేసుకున్నాను.

2. కిలోమీటరుకు 4:58 సరిపోదు

105 నిమిషాలను 21.0975తో భాగిస్తే కిలోమీటరుకు 4:58 చిల్లర. దూరం, వేగం చూపించే జీపీఎస్ వాచీలో 4:58 చూసుకుంటూ పరుగెత్తితే మాత్రం 1:45 దాటుతుంది. అధికారికంగా కొలిచిన దారిని మలుపుల్లో అతి దగ్గరి గీత వెంట కొలుస్తారు. పొరపాటున కూడా తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కూడా కలుపుతారు. మనమేమో జనం మధ్య అటూ ఇటూ తప్పుకుంటూ, నీళ్ల బల్ల కోసం పక్కకు వెళ్తూ, మలుపులు వెడల్పుగా తిరుగుతూ పోతాం. ముగింపు గీత దగ్గర నా వాచీ ఎప్పుడూ 21.3 కి.మీ. పైనే చూపించింది. అందుకని వాచీలో సగటు 4:55 ఉండేలా చూసుకోండి. మలుపు కనపడగానే లోపలి అంచుకు జరగడం శిక్షణలోనే అలవాటు చేసుకోండి.

(2020లో ఢిల్లీలో మన దేశపు పరుగు వీరుడు అవినాష్ సాబ్లే ఇదే దూరాన్ని 1:00:30లో పూర్తిచేశాడు. కిలోమీటరుకు 2:52. ట్రాక్ మీద ఒక్క రౌండ్ ఆ వేగంతో, అంటే 69 సెకన్లలో, పరుగెత్తి చూడండి. నేను చూశాను. ఆ తర్వాత పది నిమిషాలు గడ్డిలో కూర్చున్నాను.)

3. మెల్లగా పరుగెత్తడం నేర్చుకోండి

అన్నిటికంటే కష్టమైంది ఇదే. నాకు ఆరేళ్లు పట్టింది.

నా పాత పద్ధతి చూడండి. రోజూ 8 కి.మీ., రోజూ 5:25 దగ్గర. అటు పూర్తి వేగం కాదు, ఇటు విశ్రాంతీ కాదు. ఇంటికొచ్చేసరికి చెమటతో తడిసి, బాగా కష్టపడ్డానన్న తృప్తి. మంగళవారం ట్రాక్ మీదకు వెళ్లేసరికి కాళ్లు కదిలేవి కావు. అక్కడ వేగం రాకపోయేసరికి బుధవారం ఇంకాస్త గట్టిగా పరుగెత్తేదాన్ని. మా కోచ్ సార్ నా వాచీలో నెల రోజుల లెక్కలు చూసి ఒకే మాట అన్నారు: "అమ్మా, నువ్వు రోజూ చిన్న పందెం పరుగెత్తి, పందెం రోజు అలసిపోయి వస్తున్నావు."

1:45 లక్ష్యంగా ఉన్న మనిషికి ఈజీ రన్ అంటే కిలోమీటరుకు 6:00 నుంచి 6:30. వేసవిలో 6:45 అయినా తప్పు లేదు. పరీక్ష తేలిక. పక్కన పరుగెత్తేవాళ్లు "నిన్న రాత్రి గుత్తి వంకాయ ఎలా చేశావు?" అని అడిగితే, మసాలా నూరడం దగ్గర్నుంచి దించేదాకా ఆగకుండా చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగారా, వేగం ఎక్కువైందన్నమాట.

ఇలా మెల్లగా పరుగెత్తితే గుండె ఒక్కో కొట్టుడుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుకోవడానికి అలవాటు పడుతుంది. వీటికి కావలసింది గంటలు. వేగం పెంచితే అవి త్వరగా రావు, అలసట మాత్రం త్వరగా వస్తుంది. వారంలో పరుగెత్తే దూరంలో ముప్పాతిక భాగం ఇలా ఉండాలి.

రోషం వస్తుంది, ముందే చెబుతున్నా. పార్కులో మనకంటే మెల్లగా పోయేవాళ్లు కూడా దాటేసి వెళ్తారు. ఒకసారి ఒక పెద్దాయన నన్ను దాటుతూ "కమాన్ అమ్మా, ఇంకొంచెం!" అని ప్రోత్సహించారు కూడా. చిరునవ్వు నవ్వి అదే వేగంలో ఉండిపోవడం ఆ రోజు శిక్షణ.

4. వారం ఎలా ఉండాలి

మొదటి ఆరు వారాల్లో దూరం మాత్రమే పెంచండి, వారానికి 30 నుంచి 45 కి.మీ. వరకు. ప్రతి నాలుగో వారం కొంచెం తగ్గించండి. వేగం సంగతి అప్పుడే వద్దు. వారానికి రెండుసార్లు ఈజీ రన్ చివర ఇరవై సెకన్ల స్ట్రైడ్స్, అంటే వేగం పెంచుతూ తీసే చిన్న పరుగులు, అయిదారు చాలు.

తర్వాతి ఎనిమిది వారాలు అసలు పని. నా వారం ఇలా ఉండేది:

సోమవారం పూర్తి విశ్రాంతి.
మంగళవారం ట్రాక్ మీద ఇంటర్వెల్స్, మొత్తం 10 కి.మీ.
బుధవారం 8 కి.మీ. ఈజీ.
గురువారం టెంపో, మొత్తం 10 కి.మీ.
శుక్రవారం పరుగు లేదు, ఇరవై నిమిషాల కసరత్తు.
శనివారం 6 కి.మీ. ఈజీ.
ఆదివారం లాంగ్ రన్, 16 నుంచి 20 కి.మీ.

ఇంటర్వెల్స్ అంటే 1000 మీటర్లు, మధ్యలో రెండు నిమిషాల మెల్లటి జాగింగ్. మొదటి వారం నాలుగు సార్లు 4:40లో, పోనుపోను ఆరు సార్లు 4:30లో. ఆఖరిది మొదటిదాని కంటే రెండు సెకన్లు వేగంగా రావాలి. మొదటిది 4:15లో కొట్టి ఆఖరిది 4:50కి పడిపోతే ఆ రోజు పనికిరాలేదన్నట్టే. ఇంకొకటి చేయగలను అనిపించేటప్పుడు ఆపేయండి.

టెంపో అంటే గంటసేపు పట్టి ఉంచగల వేగం, మనకు 4:50 దగ్గర. పదిహేను నిమిషాలవి రెండు, మధ్యలో మూడు నిమిషాల విరామంతో మొదలుపెట్టి, ఆగకుండా ముప్ఫై నిమిషాల దాకా వెళ్లండి. ఈ ఎనిమిది వారాల్లో ఒకటి మాత్రమే సరిగ్గా చేయగలరంటే నేను టెంపోనే ఎంచుకుంటాను. ఆయాసం ఉండీ లేనట్టుండే అంచు మీద కూర్చోవడం అక్కడే వస్తుంది.

రెండు వారాలకోసారి ఇంటర్వెల్స్ బదులు ఎత్తు మీద పరుగు. బండ్లు తిరగని కాలనీలో 200 మీటర్ల చడాయి వెతుక్కుని ఎనిమిది సార్లు ఎక్కండి. దిగడాన్ని తేలిగ్గా తీసుకోకండి. దిగుడులో తొడ కండరాలు సాగుతూనే బ్రేకు వేస్తాయి, మర్నాటి నొప్పి ఎక్కువగా దానివల్లే. ఒళ్లు కొంచెం ముందుకు వంచి, చిన్న అంగలతో, చప్పుడు కాకుండా దిగడం సాధన చేయండి. కాళ్లు టపటపలాడుతున్నాయంటే బ్రేకులు వేస్తున్నారనే.

లాంగ్ రన్ మామూలుగా మెల్లగానే. చివరి నెలలో మూడుసార్లు మాత్రం ఆఖరి 5 కి.మీ. పందెం వేగంతో పరుగెత్తండి.

5. ఎండ, ఉక్క, నీళ్లు

మే నెలలో తెల్లవారుజామున అయిదింటికి కూడా 27, 28 డిగ్రీలుంటుంది. జూలై, ఆగస్టులో వేడి తగ్గినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. ఆరకుండా కారిపోతే నీళ్లూ ఉప్పూ పోతాయి, చల్లదనం రాదు. అదే వేగంలో గుండె మాత్రం నిమిషానికి పది, పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రెండు వారాలూ వాచీ చూడకండి, ఆయాసం ఎంతుందో చూసుకోండి.

మీకెంత చెమట పోతుందో కొలవడం చాలా తేలిక. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. నాకు జూలైలో గంటకు 1.1 కిలోలు తగ్గింది. పోయినదంతా పరుగులోనే తాగేయాలని చూడకండి. ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదకు తెస్తుంది. నేను లాంగ్ రన్‌లో ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు, ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ తాగుతాను. ఖరీదైన స్పోర్ట్స్ డ్రింకులు కొన్న రోజులూ ఉన్నాయి. మజ్జిగ కంటే ఏం ఎక్కువ చేశాయో నాకైతే తెలియలేదు.

6. రోడ్డు, కుక్కలు, చీకటి

వాహనాలకు ఎదురుగా, అంటే రోడ్డుకు కుడి పక్కన పరుగెత్తండి. మెరిసే జాకెట్ వేసుకోండి. చెవుల్లో పాటలు వద్దు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, కళ్లలోకి చూడకండి, ఒక గట్టి అరుపు సిద్ధంగా ఉంచుకోండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి, పందెం ఉందని వాయిదా వేయకూడదు. ఆడవాళ్లకు ఇంకో మాట. చీకట్లో ఒంటరిగా వెళ్లకండి. మేము ముగ్గురం స్నేహితురాళ్లం, నాలుగూ నలభై అయిదుకి ఒకే కూడలిలో కలుస్తాం. ఒకరు రాకపోతే మిగతా ఇద్దరూ వాళ్ల ఇంటి కిందకు వెళ్లి నిలబడతారు. అలారం కంటే అది బాగా పనిచేస్తుంది.

7. ఒళ్లు చెప్పేది వినండి

2021లో ఒక సీజన్ అంతా కాళ్లు సీసంలా ఉండేవి. సోమరితనం అనుకుని ఇంకా గట్టిగా పరుగెత్తాను. చివరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.4. ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడాను, భోజనం కాగానే టీ తాగే అలవాటు మానాను. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఆ మూడు నెలల్లో నా ఈజీ రన్ అదే ఆయాసంతో కిలోమీటరుకు అర నిమిషం వేగం పెరిగింది. ఏ శిక్షణా నాకు అంత ఇవ్వలేదు. తయారీ మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూపించుకోండి. మాత్రలు మాత్రం సొంతంగా మింగకండి.

ముంగాలి ఎముక లోపలి అంచున పొడుగునా నొప్పి వస్తే దూరం తగ్గించి చూడొచ్చు. ఒక వేలితో చూపించగల ఒకే చోట, నొక్కితే ప్రాణం పోయేలా ఉంటే పరుగు ఆపి ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లండి. అది ఎముకలో సన్నటి బీట కావచ్చు.

శుక్రవారపు కసరత్తుకు జిమ్ అక్కర్లేదు. గుంజీళ్లు మూడు విడతలు, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం ఒక్కో కాలికి పదిహేను, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం. స్కూల్లో మాస్టారు తీయించిన గుంజీళ్లు నలభై ఏళ్లకు పనికొచ్చాయి.

బూట్లు అర సైజు పెద్దవి కొనండి, పరుగులో పాదాలు ఉబ్బుతాయి. ఆరేడు వందల కిలోమీటర్లకు మార్చేయండి. అడుగున కార్బన్ పలక ఉన్న బూట్లు కొంచెం వేగం ఇస్తాయి, నిజమే. రక్తపరీక్ష, మంచి నిద్ర, మెల్లటి పరుగులు కుదిరాక వాటి గురించి ఆలోచించండి.

8. చివరి రెండు వారాలు

దూరం మొదటి వారం మూడో వంతు, రెండో వారం సగానికి పైగా తగ్గించండి. వేగం మాత్రం కొంచెం రుచి చూపిస్తుండాలి, మంగళవారం 1000 మీటర్లవి మూడు చాలు. ఈ రోజుల్లో మోకాలు నొప్పి, గొంతు గరగర, ఏదో మర్చిపోయానన్న టెన్షన్ అన్నీ వస్తాయి. నా మటుకు ప్రతిసారీ వచ్చాయి, పందెం మొదలవగానే పోయాయి.

చివరి రెండు రోజులు అన్నం ఎక్కువ, పీచు తక్కువ, నూనె తక్కువ. శనివారం మధ్యాహ్నమే పెద్ద భోజనం కానివ్వండి. రాత్రి పెరుగన్నమో, ఇడ్లీయో. ఆవకాయ, గోంగూర రెండు రోజులు ఓర్చుకోండి. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు స్టాళ్లన్నీ తిరుగుతూ మూడు గంటలు నిలబడకండి. పందేనికి రెండున్నర గంటల ముందు రెండు ఇడ్లీలు, అరటిపండు. దారిలో 8, 15 కి.మీ. దగ్గర ఒక్కో ఎనర్జీ జెల్ (చిక్కటి చక్కెర పాకం ప్యాకెట్), నీళ్లతో. లాంగ్ రన్‌లో పరీక్షించనిది ఏదీ ఆ రోజు నోట్లో పెట్టకండి, ఒంటి మీద వేయకండి. చంకలకు, తొడలకు వాసెలీన్.

9. పందెం రోజు

ఇప్పుడు ఆ మూడో స్థానం కథ. ఆ పందెంలో మొహమాటపడి వెనకాల నిలబడ్డాను. తుపాకీ పేలాక గీత దాటడానికి నాకు 40 సెకన్లు పట్టింది. చిప్ టైమ్ ప్రకారం, అంటే నేను గీత దాటినప్పటి నుంచి లెక్కేస్తే, నేను మూడో దాన్ని. బహుమతులేమో గన్ టైమ్ ప్రకారం, అంటే తుపాకీ పేలినప్పటి నుంచి లెక్కేసి, ఇచ్చారు, నేను తొమ్మిది సెకన్ల తేడాతో నాలుగు. తప్పు వాళ్లది కాదు, నియమాల్లో రాసే ఉంది, నేను చదవలేదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉషకు సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయింది. నేనేమో నలభై సెకన్లు గుంపులో నిలబడి ధారపోశాను. కాబట్టి నియమాలు చదవండి. మీ టైమ్‌కి తగ్గ చోట, 1:45కి చేరేలా వేగం పట్టి నడిపించే పేసర్ దగ్గర, సిగ్గుపడకుండా నిలబడండి.

తర్వాత మొదటి 5 కిలోమీటర్లు. విశ్రాంతి తీసుకున్న కాళ్లు, డప్పులు, జనం. 4:40 కూడా జాగింగ్‌లా అనిపిస్తుంది. 2022లో మొదటి 5 కి.మీ. 23:40లో, 10 కి.మీ. 48:00లో దాటాను. ఎంత సులువుగా ఉందో అనుకున్నాను. 15 దాటాక మిగిలిన ఆరు కిలోమీటర్లకు 37:46 పట్టింది. 2023లో లెక్క ఇలా ఉంది: మొదటి 5 కి.మీ. 25:20, తర్వాత 24:55, ఎత్తులున్న చోట 25:05, తర్వాత 24:25, మిగిలిన చివరి ముక్క 5:05. మొదటి అయిదులో నన్ను దాటినవాళ్లను లెక్కపెట్టడం మానేశాను. ఆఖరి అయిదులో నేను దాటినవాళ్లను లెక్కపెట్టాను, అరవై దాకా వచ్చాక లెక్క తప్పింది.

ఎత్తు మీద వాచీ చూడకండి. ఆయాసం అంతే ఉంచి వేగాన్ని పడిపోనివ్వండి, కిలోమీటరుకు పది, పదిహేను సెకన్లు పోతే పోనివ్వండి. దిగుడులో అంతా రాబట్టాలని దూకకండి, సగం వస్తే చాలు. 16 దాటాక ఆయాసంతో మాట రాకపోతే సరిగ్గా ఉన్నట్టే. ముందున్న ఒక వీపును ఎంచుకుని దాన్ని పట్టుకోండి, అందాక ఇంకొకటి. స్టేడియం కనపడ్డాక మిగిలింది ఖర్చుపెట్టండి.

గీత దాటగానే కూర్చోకండి, పది నిమిషాలు నడవండి. అరగంటలోపు ఏదైనా తినండి. తర్వాతి వారం పరుగు లేదు, నడక మాత్రమే. రెండో వారం ఈజీ రన్‌లు, ట్రాక్ మూడో వారం తర్వాతే.

మర్నాడు మాకు లిఫ్ట్ పనిచేయలేదు. మూడు అంతస్తులు దిగాలి. తొడలు పట్టేసినప్పుడు రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగితే నొప్పి తక్కువ. అలా దిగుతుంటే రెండో అంతస్తులో పిన్నిగారు పాలప్యాకెట్లతో ఎదురొచ్చి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, ఈసారి వేరే ప్రశ్న అడిగారు. "ఎక్కుతున్నావా, దిగుతున్నావా?"